దుడ్లకి పోయినాడంటే సరిపోతుందా?

2025 అక్టోబర్ 22న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఎఫ్‌సీ గోవాతో సౌదీ క్లబ్ అల్ నస్ర్ తలపడింది. టికెట్లు కొన్నవాళ్ళలో చాలామంది చూడాలనుకున్నది ఒక్కడినే. ఆ ఒక్కడూ రాలేదు. రొనాల్డో లేకుండానే అల్ నస్ర్ 2-1తో గెలిచి వెళ్ళిపోయింది. తిరుపతిలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న పిల్లోళ్ళని కదిపితే ఇప్పటికీ ఒకటే మాట: "దుడ్లకి పోయినోడు, మన కాడికి యాడొస్తాడబ్బా!"

డబ్బుకోసం పోయాడన్న ఆ మాటలో అబద్ధమేమీ లేదు. 2022 డిసెంబర్ 30న అల్ నస్ర్ రొనాల్డోని ప్రకటించినప్పుడు ఏడాదికి దాదాపు 20 కోట్ల యూరోలని వార్తలొచ్చాయి. ప్రతి బయటి మ్యాచ్‌కీ ప్రయాణం చెయ్యక్కర్లేదన్న వెసులుబాటు కూడా ఒప్పందంలో ఉందని గోవా మ్యాచ్ సమయంలో రాశారు. అది నిజమైతే ఆ సెలవు కూడా జీతంలో భాగమే. కానీ 'దుడ్లకి పోయినాడు' అనేసి ఊరుకుంటే అసలు సంగతి తెలియకుండానే పోతుంది. ఆ దుడ్లు ఎవరి చేతికి పోతున్నాయి, ఎన్నాళ్ళు వస్తాయి, మధ్యలో ఆగిపోతే ఎవర్ని అడగాలి? ఆటగాడి నిర్ణయం తెలివైనదో కాదో తేల్చేవి ఇవే.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. అది మనకు ఐపీఎల్ వల్ల వచ్చింది. 2024 నవంబర్ వేలంలో లక్నో జట్టు రిషభ్ పంత్‌ని 27 కోట్లకు దక్కించుకుంది. ఆ 27 కోట్లూ సీజన్‌కి పంత్ జీతమే. అంతకుముందు అతను ఆడిన ఢిల్లీ జట్టుకి అందులో వాటా లేదు. ఫుట్‌బాల్‌లో వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. 2017లో నెయ్‌మార్ బార్సిలోనా నుంచి పారిస్ క్లబ్ పీఎస్‌జీకి మారినప్పుడు ప్రపంచమంతా నోరెళ్ళబెట్టిన 22.2 కోట్ల యూరోలు బార్సిలోనాకి దక్కాయి. నెయ్‌మార్ జీతం వేరే లెక్క, వేరే కాగితం. ట్రాన్స్‌ఫర్ ఫీజు అనేది ఆటగాడి ఖరీదు అనుకుంటాం గానీ, నిజానికది అతని పాత ఒప్పందంలో మిగిలిన ఏళ్ళని తెంపుకోవడానికి పాత క్లబ్బుకి ఇచ్చే పరిహారం. ఒప్పందం ఇంకా నాలుగేళ్ళుంటే ఫీజు కొండెక్కుతుంది, ఏడాదే ఉంటే దిగుతుంది, అయిపోతే సున్నా.

కొనే క్లబ్బు జేబు మాత్రం ఒకటే. ఫీజుకి పోయింది పోగా మిగిలిందే జీతానికి. అందుకే పెద్ద జీతం మీద కన్నేసిన ఆటగాడికి అన్నిటికన్నా విలువైన ఆస్తి తన ఒప్పందం ముగిసే తేదీ. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం మామూలుగా ఒప్పందం ఐదేళ్ళకు మించకూడదు, పద్దెనిమిది నిండనివాళ్ళకి మూడేళ్ళే. చివరి ఆరు నెలల్లోకి అడుగుపెట్టాక ఆటగాడు ఇంకో క్లబ్బుతో దర్జాగా సంతకం చేసుకోవచ్చు. రొనాల్డో మాంచెస్టర్ యునైటెడ్ ఒప్పందం 2022 నవంబర్‌లో పరస్పర అంగీకారంతో రద్దయింది, అల్ నస్ర్ ఎవరికీ ఫీజు కట్టక్కర్లేకపోయింది. 2023లో బెంజెమా, కాంటే ఇద్దరూ సౌదీ క్లబ్ అల్ ఇత్తిహాద్‌కి ఇలాగే ఫీజు లేకుండా వెళ్ళారు. ఎంబాపె 2024లో పీఎస్‌జీ ఒప్పందం పూర్తిగా ముగిసేదాకా ఆగి రియల్ మాడ్రిడ్‌కి పోయాడు. ఒక్క యూరో ఫీజు రాని పీఎస్‌జీకి కడుపు మండింది. తనకి రావాల్సిన 5.5 కోట్ల యూరోలు ఇవ్వలేదని ఎంబాపె గొడవకి దిగాడు, ఆ తగాదా కోర్టుకెక్కింది.

ఇప్పుడు మామూలైపోయిన ఈ హక్కు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బెల్జియంలో లియెజ్ క్లబ్బుకి ఆడిన జాన్ మార్క్ బోస్మన్ అనే సాదాసీదా ఆటగాడు తెచ్చిపెట్టాడు. 1990లో అతని ఒప్పందం ముగిసింది. నెలకి లక్షా ఇరవై వేల బెల్జియన్ ఫ్రాంకులు తీసుకుంటున్నవాడికి క్లబ్బు ముప్ఫై వేలే ఇస్తానంది, అంటే నాలుగో వంతు. అతను వద్దన్నాడు. పక్కనే ఫ్రాన్స్‌లో డంకెర్క్ క్లబ్బు తీసుకుంటానంది. ఒప్పందం అయిపోయినా సరే, ఫీజు తేలనిదే వదిలేది లేదని లియెజ్ భీష్మించుకుంది. ఉంచుకునే క్లబ్బు జీతం కోస్తుంది, వదలమంటే డబ్బడుగుతుంది. బోస్మన్ కోర్టుకెళ్ళాడు. ఐదేళ్ళ తర్వాత 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం, ఒప్పందం ముగిసిన ఆటగాడికి ఫీజు అడగడం కార్మికుల రాకపోకల స్వేచ్ఛకి విరుద్ధమని తేల్చింది. దాంతో యూరప్ క్లబ్బుల్లో జీతాలు ఎగబాకాయి. ఆ తీర్పుతో కోట్లు గడించినవాళ్ళు వందలమంది ఉన్నారు. కేసు వేసిన మనిషి మాత్రం ఆ గొడవల్లోనే ఆటకి దూరమయ్యాడు, తర్వాత జీవితంలోనూ చితికిపోయాడు.

అంతకు ముందు తరాల సంగతి ఇంకా దారుణం. ఇంగ్లండ్‌లో 1961 జనవరి దాకా ఆటగాడి జీతానికి పరిమితి ఉండేది, వారానికి ఇరవై పౌండ్లు. ఎంత గొప్పవాడైనా అంతే. జాన్ చార్ల్స్ లాంటివాళ్ళు 1957లోనే ఇటలీ దారి పట్టారంటే ఆశ్చర్యం ఏముంది? పరిమితి ఎత్తేసిన ఏడాదే ఫుల్హమ్ ఆటగాడు జానీ హేన్స్ వారానికి వంద పౌండ్లు అందుకున్నాడు. రాత్రికి రాత్రి అతను ఐదింతలు మెరుగైన ఆటగాడు కాలేదు కదా.

ఇక జీతం అంకె. ఇక్కడే పత్రికలు మనల్ని ఎక్కువ తికమకపెడతాయి. ఇంగ్లండ్ వార్తల్లో వారానికి ఇంత అని, పన్ను కట్టకముందు లెక్క రాస్తారు. ఇటలీ వార్తల్లో ఏడాదికి ఇంత అని, పన్ను పోను చేతికొచ్చేది రాస్తారు. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఎవరికెక్కువ అని వాదించుకుంటే తెల్లారిపోతుంది. ఇంగ్లండ్‌లో పై శ్లాబు ఆదాయపన్ను 45 శాతం. సౌదీలో జీతం మీద ఆదాయపన్నే లేదు. అంటే కాగితం మీద అదే అంకె రాసినా, పన్ను ఒక్కటే చేతికొచ్చేదాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. దీనికి సంతకం డబ్బులు, గోల్స్‌కీ మ్యాచ్‌లకీ ఇచ్చే బోనసులు, ఫొటోలూ ప్రకటనల హక్కులూ కలుస్తాయి. అంకె వెనక ఇవన్నీ ఉన్నాయో లేదో చూడకుండా జీతం గురించి మాట్లాడటం వృథా.

మెస్సీ ఉదాహరణ మరీ ఆసక్తికరం. 2023లో సౌదీ క్లబ్ అల్ హిలాల్ ఇవ్వజూపినదాన్ని కాదని అమెరికాలో ఇంటర్ మయామికి వెళ్ళాడు. అమెరికా లీగ్‌లో జట్టు జీతాలకి పరిమితి ఉంది. 2007లో బెక్హమ్‌ని తేవడానికి, ఒకరిద్దరు తారలకి ఆ పరిమితికి మించి ఇవ్వొచ్చని నిబంధన పెట్టుకున్నారు. మెస్సీకి ఆ వెసులుబాటుతో పాటు, మ్యాచ్‌లు చూపే యాపిల్ సంస్థకి కొత్తగా వచ్చే చందాల రాబడిలో వాటా, ఆట మానేశాక క్లబ్బులో భాగం కొనుక్కునే హక్కు కూడా కలిపారు. తక్కువ జీతానికి పోయాడని కొందరు మెచ్చుకున్నారు గానీ, నన్నడిగితే అతను జీతగాడిగా కాకుండా భాగస్వామిగా బేరమాడాడు. నిజాయితీగా చెప్పాలంటే రొనాల్డో బేరం కన్నా ఇదే గట్టి బేరం.

సరే, డబ్బున్న కొత్త లీగ్ వస్తే ఎంతకాలం నిలుస్తుంది? చరిత్ర చూస్తే పెద్ద భరోసా ఏమీ కనపడదు. 1949లో కొలంబియా లీగ్ ఫిఫా నిబంధనలకి బయట ఉండి ఎవరికీ ఫీజు కట్టకుండా ఆటగాళ్ళని లాగేసింది. అర్జెంటీనాలో ఆటగాళ్ళ సమ్మె నడుస్తుండగా డి స్టెఫానో బొగొటాలోని మిలియోనరియోస్‌కి చేరింది అప్పుడే. అతనికి కలిసొచ్చింది. ఇంగ్లండ్ క్లబ్ స్టోక్ సిటీ నుంచి 1950లో బొగొటాలోనే ఇంకో క్లబ్బుకి వెళ్ళిన నీల్ ఫ్రాంక్లిన్‌కి రాలేదు. నెలలు తిరక్కుండానే ఇల్లు చేరాడు, నిషేధం పడింది, మళ్ళీ ఇంగ్లండ్ చొక్కా తొడగలేదు. 1975లో పెలేని న్యూయార్క్‌కి రప్పించిన అమెరికా లీగ్ 1984 సీజన్‌తో మూతపడింది. రష్యాలో అంజీ క్లబ్బు 2011లో కామెరూన్ తార సామ్యూల్ ఎటోకి ప్రపంచంలోనే పెద్ద జీతాల్లో ఒకటి ఇచ్చింది, 2013లో యజమాని మనసు మార్చుకోగానే జట్టంతా అమ్మకానికొచ్చింది.

చైనా కథ ఇంకా కళ్ళ ముందే జరిగింది. 2017 జనవరిలో ఆస్కార్ చెల్సీని వదిలి ఆరు కోట్ల పౌండ్ల ఫీజుతో షాంఘైకి వెళ్ళాడు. అప్పటికి అతని వయసు పాతికే. అదే ఏడాది చైనా ఫుట్‌బాల్ సంఘం విదేశీ ఆటగాళ్ళ మీద పెట్టే పెద్ద ఫీజులకి అంతకంత పన్ను వేసింది. తర్వాత విదేశీయుల జీతం ఏడాదికి 30 లక్షల యూరోలు దాటకూడదంది. జియాంగ్సు క్లబ్బు 2020 నవంబర్‌లో దేశ చాంపియన్ అయింది, 2021 ఫిబ్రవరి 28న కార్యకలాపాలు ఆపేసింది. ఎనిమిదిసార్లు గెలిచిన గ్వాంగ్‌ఝౌ 2025 జనవరిలో అసలు లేకుండా పోయింది. ఇంతలోనూ ఆస్కార్ మాత్రం 2024 దాకా షాంఘైలోనే ఉండి, ట్రోఫీలు గెలిచి, డబ్బు చూసుకుని బ్రెజిల్ వెళ్ళిపోయాడు. కెరీర్ పాడుచేసుకున్నాడని విమర్శించినవాళ్ళకి అతని లెక్క అర్థం కాలేదంతే.

సౌదీ వీటన్నిటికీ భిన్నమని చెప్పడానికి ఒక బలమైన కారణం ఉంది. 2023 జూన్‌లో నాలుగు పెద్ద క్లబ్బుల్లో 75 శాతం వాటా ప్రభుత్వ పెట్టుబడి నిధే తీసుకుంది. ఒక కోటీశ్వరుడి మోజు మీద ఆధారపడిన అంజీ లాంటిది కాదది. అయినా అక్కడ ఇమడటం అందరి వల్లా కాలేదు. ఇంగ్లండ్ ఆటగాడు హెండర్సన్ ఆరు నెలలకే నెదర్లాండ్స్ క్లబ్ ఆయాక్స్‌కి వెళ్ళాడు. ఇరవై ఒక్క ఏళ్ళ జాన్ డురాన్ 2025 జనవరిలో ఆస్టన్ విల్లా నుంచి అల్ నస్ర్‌కి వెళ్ళి, వేసవికల్లా అప్పుమీద, అంటే కొంతకాలం ఇంకో క్లబ్బుకి ఆడే ఏర్పాటు మీద, టర్కీ చేరాడు. నెయ్‌మార్ మోకాలు దెబ్బతిని అల్ హిలాల్‌కి మొత్తం ఏడంటే ఏడు మ్యాచ్‌లు ఆడి, 2025 జనవరిలో ఒప్పందం రద్దు చేసుకున్నాడు. ముప్ఫై దాటినవాడు పోవడంలో నాకు తప్పేమీ కనపడదు. ఇరవై ఒకటికే పోవడం వేరు. అక్కడ పణంగా పెట్టేది పరువుని కాదు, ఆట నేర్చుకోవాల్సిన ఏళ్ళని.

గల్ఫ్ జీతమంటే ఏమిటో మన వైపు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పీలేరు, రాయచోటి, మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో కువైట్‌కో సౌదీకో పోయినవాళ్ళు లేని వీధి అరుదు. జీతం ఎంత అని అడిగే ముందు 'కఫీలు (పనిలో పెట్టుకునే యజమాని) ఎట్టాంటోడు?' అని అడగడం అనుభవం నేర్పిన తెలివి. అదే ప్రశ్న ఫుట్‌బాలర్‌కీ వర్తిస్తుందని జహీర్ బెలూనిస్ కథ చూస్తే తెలుస్తుంది. ఫ్రాన్స్, అల్జీరియా మూలాలున్న ఈ ఆటగాడు ఖతర్‌లో ఎల్ జైష్ క్లబ్బుకి ఆడాడు. జీతం బకాయిల మీద తగాదా వచ్చింది, కేసు వేశాడు. అప్పట్లో దేశం దాటాలంటే యజమాని అనుమతి చీటీ కావాలి. అది రాలేదు. భార్యాపిల్లలతో ఖతర్‌లోనే ఇరుక్కుపోయి, అంతర్జాతీయంగా గొడవైతే గానీ 2013 నవంబర్‌లో బయటపడలేదు. ఆ అనుమతి విధానాన్ని ఖతర్ తర్వాత దశలవారీగా ఎత్తేసింది. పాస్‌పోర్టు పోగొట్టుకుని ఎంబసీ మెట్లమీద కూర్చున్న మన ఊరి డ్రైవర్‌కీ, యూరప్ పాస్‌పోర్టు ఉన్న ఆటగాడికీ ఆ చట్టం ముందు తేడా లేకపోయింది.

అంత దూరం వెళ్ళక్కర్లేదు కూడా. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. తెలుగు నేలమీది క్లబ్బు దేశంలో పైస్థాయి లీగ్ గెలిచిందని మనమంతా మురిసిపోయాం. రెండేళ్ళు తిరిగేసరికి జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, ఫిఫా కొత్తవాళ్ళని తీసుకోవద్దని నిషేధం పెట్టింది, 2023-24లో జట్టు అట్టడుగున తేలింది. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ జట్టు నుంచి మారినవాళ్ళని 'దుడ్లకి పోయినారు' అనగలమా? పోయినారు నిజమే. రావాల్సిన దుడ్లు రాక.

2025లో మొత్తం ఐఎస్ఎల్‌కే ఆ గతి పట్టింది. లీగ్ నడిపే సంస్థకీ, జాతీయ సమాఖ్యకీ మధ్య హక్కుల ఒప్పందం ముగింపుకొచ్చి, కొత్తది కుదరక జూలైలో లీగ్‌ని పక్కనపెట్టారు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. సీజన్ 2026లోకి జరిగిపోయింది. తిరుపతి వాళ్ళకి బస్సెక్కితే అందే పెద్ద క్లబ్బులు చెన్నై, బెంగళూరువే. ఆ రెండూ ఆ దెబ్బ తిన్నవాటిలో ఉన్నాయి.

ఇలాంటప్పుడు ఆటగాడికి ఫిఫా ఇచ్చే ఆయుధం ఒకటుంది. రెండు నెలల జీతం బకాయి పడితే, పదిహేను రోజుల గడువిస్తూ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అప్పటికీ అందకపోతే ఒప్పందం తెంచుకుని పోవచ్చు. తప్పు క్లబ్బుదే అవుతుంది. అదే, జీతం సక్రమంగా వస్తుండగా ఇంకోచోట ఎక్కువిస్తామన్నారని మధ్యలో వదిలేస్తే వ్యవహారం ఎదురు తిరుగుతుంది. అన్వర్ అలీ 2024లో మోహన్ బగాన్ అప్పు ఒప్పందం మధ్యలో వదిలి ఎదురింటి ఈస్ట్ బెంగాల్‌కి మారితే, జాతీయ సమాఖ్య కమిటీ 12.9 కోట్ల పరిహారం, నాలుగు నెలల నిషేధం విధించింది. కేసు ఢిల్లీ హైకోర్టుకెళ్ళి నిషేధం ఆగింది. యూరప్‌లోనూ ఇదే తగవు. లోకోమోటివ్ మాస్కోతో తెగిపోయిన లాసానా దియారాకి కోటి యూరోలకి పైగా జరిమానా పడింది, అందులో తనకీ భాగం పడుతుందని భయపడి అతన్ని తీసుకోబోయిన బెల్జియం క్లబ్బు వెనక్కి తగ్గింది. 2024 అక్టోబర్ 4న యూరోపియన్ న్యాయస్థానం ఆ నిబంధనలు చట్టవిరుద్ధమంది. ఫిఫా వాటిని సవరించే పనిలో పడింది. బోస్మన్ ఒప్పందం ముగిసినవాడికి తలుపు తీశాడు, దియారా మధ్యలో ఉన్నవాడికి కిటికీ తీశాడు.

మన పెద్దల కాలంలో ఈ లెక్క ఇంకోలా ఉండేది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడొచ్చాక 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. పెద్ద క్లబ్బులు, నిండు మైదానాలు అక్కడే. ఆ తర్వాత మారింది మాత్రం రైల్వే జట్టుకి. ఆనాటి ఆటగాడికి రైల్వే, పోలీసు, బ్యాంకు కొలువే అసలు ఒప్పందం, ఎందుకంటే కాళ్ళు పనిచెయ్యకపోయినా నెల తిరగ్గానే జీతమొచ్చేది. జబ్బు చేసి బలరాం ఆట ఇరవై ఏడేళ్ళకే ముగిసింది. ఉద్యోగం లేకపోయుంటే ఏమయ్యేవాడో ఊహించుకోవచ్చు.

ఇంకో విచిత్రం: బాగా ఆడే భారతీయుడికి విదేశానికి పోవడమంటే చాలాసార్లు జీతం తగ్గడమే. ఐఎస్ఎల్ ఇచ్చే డబ్బు యూరప్ చిన్న లీగ్‌లు ఇవ్వలేవు. సందేశ్ జింగాన్ 2021లో క్రొయేషియా వెళ్ళి గాయంతో ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చాడు. నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ 2022లో డైనమో జాగ్రెబ్‌కి పోయింది ఆట కోసమే. మన మహిళల ఫుట్‌బాల్‌లో 'దుడ్లకి పోవడం' అన్న మాటకి ఇంకా అర్థమే ఏర్పడలేదు.

ఇదంతా తిరుపతి యూనివర్సిటీ గ్రౌండ్‌లోనో చిత్తూరు స్కూలు టోర్నీల్లోనో ఆడే పిల్లోడికి ఎందుకంటారా? రెండు కారణాలు. మొదటిది, వాళ్ళ దగ్గరికి ఏజెంట్లమని వచ్చేవాళ్ళు. స్పెయిన్‌లో ట్రయల్స్ అని లక్షలు అడుగుతారు. పద్దెనిమిది నిండని పిల్లవాడిని దేశం దాటించి క్లబ్బులో రిజిస్టర్ చెయ్యడాన్ని ఫిఫా కొద్దిపాటి మినహాయింపులతో నిషేధించింది. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పనిమీద ఆ దేశంలో స్థిరపడటం ఒక మినహాయింపు, మన వాళ్ళలో ఎక్కువమందికి అది వర్తించదు. ఏజెంటుకి ఫిఫా లైసెన్సు తప్పనిసరి, పేరుందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా మైనర్‌తో బేరం పెట్టే హక్కు వాళ్ళకి లేదు.

రెండోది, మన ఊరి కోచ్‌ల సంగతి. ఆటగాడు ఒప్పందం మధ్యలో దేశం దాటి మారితే, ఆ ఫీజులో 5 శాతం అతను పన్నెండు నుంచి ఇరవై మూడేళ్ళ మధ్య ఆడిన క్లబ్బులకి పంచాలి. పన్నెండు నుంచి పదిహేను దాకా ఏడాదికి పావు శాతం, ఆ తర్వాత అర శాతం. పది కోట్ల ఫీజు పలికిన కుర్రాడు మొదటి నాలుగేళ్ళూ ఒక చిన్న క్లబ్బులో ఆడుంటే దానికి పది లక్షలు రావాలి. పాతిక బంతులు, రెండు గోల్ పోస్టులు కొనడానికే చందాలెత్తే క్లబ్బుకి అది చిన్న మొత్తం కాదు. కానీ వాటా లెక్కగట్టేది రిజిస్ట్రేషన్ చరిత్ర చూసే. జాతీయ సమాఖ్య రిజిస్ట్రేషన్‌లో పిల్లవాడి పేరు ఏ క్లబ్బు కింద, ఏ ఏడాది నుంచి ఉందో అదే సాక్ష్యం. మన దగ్గర చాలామంది పిల్లలు స్కూలు పేరుమీద పోటీలాడి, పదిహేడేళ్ళకి చెన్నై అకాడమీలో తొలిసారి రిజిస్టర్ అవుతారు. అప్పుడు నాలుగేళ్ళు తెల్లారుజామున లేపి పరుగెత్తించిన కోచ్ క్లబ్బుకి కాగితం మీద ఏ ఉనికీ ఉండదు, ఆ పది లక్షలూ వచ్చే దారీ ఉండదు.